శిక్ష గురించి ఏమన్నా చెప్పుకుంటావా?

భోజనాలయ్యాక జడ్జిగారు మళ్లీ బెంచి ఎక్కారు. జిల్లా సెషన్స్ కోర్టులో మీరు వెనక బల్ల మీద, చనిపోయినతని భార్య పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. తీర్పు పొద్దున్నే అయిపోయింది. గట్టు తగాదాలో ముద్దాయి పార తిరగేసి తల మీద కొట్టిన మాట నిజం. చంపాలన్న ఉద్దేశం లేదు గానీ ఆ దెబ్బకు ప్రాణం పోవచ్చని తెలుసు. అలా హత్య సెక్షన్ 302 కాస్తా 304 పార్ట్ టూ అయింది. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరం గనక పాత ఐపీసీయే.

302 అయితే యావజ్జీవమో ఉరో, రెండే దారులు. పార్ట్ టూకి పదేళ్ల దాకా ఎంతైనా వేయొచ్చు, జరిమానాతో సరిపెట్టినా చట్టం కాదనదు. ఎక్కడ ఆగాలో చెప్పే పట్టిక మన దేశంలో లేదు.

"శిక్ష గురించి ఏమన్నా చెప్పుకుంటావా?"

బోనులో మనిషి ముందు తన లాయరు వైపు చూశాడు. "ముసలమ్మ ఉందయ్యా. ఇద్దరు ఆడపిల్లలు..." స్టెనో రాసేసుకుంది. అరనిమిషం పట్టలేదు.

ఆ ప్రశ్న అడగకుండా వేసిన ఉరిశిక్షను 1976లో, సంతాసింగ్ కేసులో, సుప్రీంకోర్టు కొట్టేసి శిక్షపై మళ్లీ వినమంది. అంత బరువున్న ప్రశ్నే. కానీ ఇతను ఊళ్లో ఎలాంటివాడో, జైల్లో ఎలా మసలుకున్నాడో చెప్పే కాగితం ఒక్కటీ ఫైల్లో లేదు. తెమ్మని ఎవరూ అడగనూ లేదు.

"తల మీదే కొట్టాడు సార్, కనికరం చూపొద్దు," అన్నారు పబ్లిక్ ప్రాసిక్యూటర్.

"ఒకటే దెబ్బ సార్. ఇంటి నుంచి తెచ్చింది కాదు, నీళ్లు కడుతున్న పారే. పాత కేసులు లేవు," అన్నాడు ముద్దాయి లాయరు.

ఒకటే దెబ్బ అనగానే జడ్జిగారు పోస్టుమార్టం రిపోర్టు వెనక్కి తిప్పారు, గమనించారా? ముసలి తల్లి దగ్గర తిప్పలేదు. పోయినవాడికీ తల్లుంది మరి.

ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష. జరిమానా, కట్టకపోతే ఇంకో మూడు నెలలు. వసూలైన జరిమానాలో ఎక్కువ భాగం మృతుడి భార్యకు. రిమాండులో గడిచిన పద్నాలుగు నెలలు సెట్ ఆఫ్. బెంచి క్లర్కు తీర్పు నకలు ముద్దాయికిచ్చి సంతకం పెట్టించుకుంటున్నాడు. దానికి రుసుము లేదు.

పక్కనామె మీ మోచెయ్యి తట్టింది. "ఎన్నాళ్లకొస్తాడండీ బయటికి?"

పద్నాలుగు నెలలు తీసేస్తే అయిదేళ్ల పది నెలలు. హైకోర్టులో అప్పీలు వేసి బెయిలు తెచ్చుకుంటే అదీ ఇప్పట్లో మొదలు కాకపోవచ్చు.