గ్రేటా గార్బో సినిమాలు ఇళ్లకు చేరిన కథ

హాలీవుడ్ నటి గ్రేటా గార్బో సినిమాల నుంచి విరమించుకునే నాటికి ఆమె వయసు 36. 1905 సెప్టెంబరు 18న స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో పుట్టి, 1925లో అమెరికా చేరి, 1926 నుంచి 1941 వరకు ఎం.జి.ఎం. సంస్థకు 24 చిత్రాలు చేసి, ఇక చాలన్నది. 1990 ఏప్రిల్ 15న న్యూయార్కులో కన్నుమూసేదాకా మరో సినిమా చేయలేదు. అంటే పనిచేసిన కాలానికి సుమారు మూడింతలు విశ్రాంత జీవితం! మన సంఘ సభ్యుల్లో ఎవరికీ అంతటి యోగం పట్టినట్లు లేదు.

ఉద్యోగ సంఘాల్లో తిరిగిన మిత్రులకు నచ్చే సంగతి మరొకటి ఉంది. 1926లో 'ఫ్లెష్ అండ్ ది డెవిల్' తీశాక ఆమె వారానికి 5,000 డాలర్ల జీతం అడిగింది. సంస్థ అధిపతి లూయీ బి. మేయర్ కుదరదన్నాడు. ఆమె వాదించలేదు, బతిమాలలేదు. నెలల తరబడి ఇంట్లో కూర్చుంది. చివరకు దిగివచ్చింది కంపెనీయే. ఏ యూనియనూ లేకుండా ఒంటరిగా సాధించిన విజయమది.

నేను ఈ 24 చిత్రాలను క్యాసెట్ల మీద, ఆ తర్వాత డిస్కుల మీద పోగు చేయడానికి ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది. సంపూర్ణంగా దొరికినవి 23. ఆ ఇరవైనాలుగోదాని సంగతి తర్వాత చెబుతాను. అసలు సినిమా అనేది ఇంట్లో బీరువాలో దాచుకునే వస్తువు ఎలా అయిందో ముందు చెప్పాలి.

గార్బో రిటైరైన తర్వాత చాలా ఏళ్లపాటు ఆమె సినిమా చూడాలంటే ఎక్కడైనా హాల్లో మళ్లీ వేయాలి, లేదా అమెరికాలో టెలివిజన్ వాళ్లు ఏ అర్ధరాత్రో ప్రసారం చేయాలి. 1975లో సోనీ కంపెనీ బీటామ్యాక్స్ యంత్రాన్ని, 1976లో జె.వి.సి. కంపెనీ వి.హెచ్.ఎస్. యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చాయి. టీవీలో వచ్చే సినిమాను జనం ఇంట్లో రికార్డు చేసుకుంటే తమ గతేమిటని యూనివర్సల్, డిస్నీ సంస్థలు 1976లోనే కోర్టుకెక్కాయి. అమెరికా సుప్రీం కోర్టు 1984 జనవరి 17న, అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలవగా, సొంతానికి రికార్డు చేసుకోవడం నేరం కాదని తీర్పు చెప్పింది. ఒక్క ఓటు అటు పడి ఉంటే చరిత్ర ఎటు పోయేదో! వద్దంటే వద్దన్న సినిమా కంపెనీలే ఆ తర్వాత క్యాసెట్ల అమ్మకాల మీద కోట్లు గడించాయి.

మన దేశంలో 1982 ఆసియా క్రీడలతో కలర్ టీవీ వచ్చింది. వెనుకనే గల్ఫ్ నుంచి, సింగపూర్ నుంచి వి.సి.ఆర్.లు దిగాయి. వీధివీధినా వీడియో లైబ్రరీలు వెలిశాయి. కానీ వాటిలో గార్బో క్యాసెట్టు అడిగితే, అద్దెకిచ్చే కుర్రాడు ఫైటింగులున్న ఇంగ్లీషు సినిమా చేతికిచ్చేవాడు. కాబట్టి నా సేకరణ అంతా అమెరికా నుంచి వచ్చేవాళ్ల పెట్టెల్లోనే వచ్చింది. అక్కడి క్యాసెట్లు ఎన్.టి.ఎస్.సి. పద్ధతివి, మనవి పాల్ పద్ధతివి. ఒకదాని క్యాసెట్టు మరొకదాని యంత్రంలో సరిగా ఆడదు. రెండూ ఆడే మల్టీసిస్టమ్ యంత్రం ఉంటేనే పని జరిగేది.

ఈ పద్ధతుల తేడాలో ఒక తమాషా ఉంది. టాకీ సినిమా సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. పాల్ టీవీలో సెకనుకు 25. అందుచేత పాల్ క్యాసెట్టుకు ఎక్కించేటప్పుడు సినిమాను కాస్త వేగంగా నడిపేవారు. వంద నిమిషాల చిత్రం 96 నిమిషాల్లో అయిపోయేది, గొంతులు కూడా ఆ మేరకు సన్నబడేవి. మిగతా నటీమణుల విషయంలో మనం పట్టించుకోకపోవచ్చు. గార్బో ఆస్తి అంతా ఆ లోతైన గొంతే కదా! 1930లో 'అన్నా క్రిస్టీ'తో ఆమె మొదటిసారి తెరమీద మాట్లాడినప్పుడు, గార్బో మాట్లాడుతోందన్న ఒక్క సంగతినే కంపెనీ ప్రకటనగా వేసుకుంది. యూరప్ క్యాసెట్టులో, అమెరికా క్యాసెట్టులో ఒకే సన్నివేశం పక్కపక్కన వేసి విన్నాను. తేడా కొద్దిదే, కానీ చెవికి తెలుస్తుంది. బొమ్మ ఎలా ఉన్నా గొంతు కోసం నేను అమెరికా క్యాసెట్టునే ఉంచుకున్నాను. అన్నట్టు ఆ చిత్రాన్నే అవే సెట్టింగుల మీద జర్మన్ భాషలో కూడా తీశారు. దర్శకుడు మాత్రం వేరు, జాక్ ఫేడర్. అందులో కూడా గార్బోయే కథానాయిక.

సేకరించేవాడికి తెలిసివచ్చే మరో సంగతి, ఒక సినిమా అంటే ఒకటే సినిమా కాదని. టాల్‌స్టాయ్ 'అన్నా కరేనినా' ఆధారంగా 1927లో తీసిన మూకీ చిత్రం 'లవ్'కు రెండు ముగింపులున్నాయి. యూరప్ ప్రేక్షకులకు అన్నా చనిపోతుంది. అమెరికాలో చాలా హాళ్లలో ప్రేమికులు సుఖంగా కలుసుకున్నారు. టాల్‌స్టాయ్ ఏమనుకునేవాడో గాని, శుభం కార్డుకు అలవాటుపడ్డ మనకు ఇందులో ఆశ్చర్యం లేదు. 1935లో గార్బో అదే పాత్రను టాకీలో మళ్లీ వేసింది, అక్కడ మాత్రం కథ కథలాగే ముగిసింది. ఈ రెండు చిత్రాలను వరుసగా రెండు రాత్రులు చూసే వీలు పూర్వం ఎవరికుండేది?

క్యాసెట్ల అట్టల మీద కూడా కొంత చరిత్ర ఉంటుంది. నా పాత అట్టల మీద ఎం.జి.ఎం. సింహం గుర్తు ఉంది. 1986లో టెడ్ టర్నర్ ఆ సంస్థ పాత చిత్రాల భాండాగారాన్ని కొన్నాడు. 1996లో టర్నర్ సంస్థ టైమ్ వార్నర్‌లో కలిసింది. అందుకే 2005లో గార్బో శతజయంతికి వచ్చిన డి.వి.డి. పెట్టె మీద వార్నర్ పేరుంది.

ఇన్ని చేతులు మారినా ఆ చిత్రాలు దక్కడానికి కారణం వేరు. పాత ఫిల్ము నైట్రేటుది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది, తగలకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ చివికి పొడి అవుతుంది. ఎం.జి.ఎం. సంస్థ 1960ల్లోనే తన పాత రీళ్లను సేఫ్టీ ఫిల్ము మీదకు నకళ్లు తీయించే పని చేపట్టింది. అప్పట్లో ఆ నకళ్ల వల్ల పైసా రాబడి లేదు. మనవైపు చూస్తే, రఘుపతి వెంకయ్యగారు, కుమారుడు ప్రకాశ్ కలిసి మద్రాసులో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' ప్రింటు నేడు లేదు. గార్బో తొలి చిత్రాల నాటిదే అది కూడా. పేరు చెప్పుకోవడమే మిగిలింది.

ఎం.జి.ఎం. వారికి కూడా అన్నీ దక్కలేదు. నా ఇరవైనాలుగో చిత్రం అలా పోయినదే. 1928 నాటి 'ది డివైన్ ఉమన్'. దర్శకుడు విక్టర్ సీస్ట్రోమ్, గార్బో సరసన లార్స్ హాన్సన్, ముగ్గురూ స్వీడన్ వాళ్లే. దశాబ్దాలపాటు ఫొటోలు తప్ప ఏమీ లేవనుకున్నారు. 1993లో మాస్కోలోని ఫిల్ము భాండాగారంలో ఒక రీలు బయటపడింది. నిడివి 9 నిమిషాలు, రాతలన్నీ రష్యన్ భాషలో. దళంతో వెళ్లిపోవలసిన సైనికుడు ప్రియురాలి గదికి వీడ్కోలు చెప్పడానికి వస్తాడు, వెళ్లలేకపోతాడు. ముందు ఏం జరిగిందో, వెనుక ఏం జరిగిందో బొమ్మల్లో లేదు. గార్బో నవ్వడం కోసం 1939లో 'నినోచ్కా' దాకా ఆగాలని అందరూ అంటారు గాని, ఈ తొమ్మిది నిమిషాల్లో ఆమె ఎంత చలాకీగా ఉంటుందో చూస్తే ఆ మాట నమ్మరు. ఆ 2005 నాటి మూకీల డి.వి.డి.లో ఈ ముక్కను కూడా చేర్చారు. నా బీరువాలో ఎక్కువసార్లు చూసిన డిస్కు అదే.

క్యాసెట్ల విషయానికొస్తే, ప్రపంచంలో వి.సి.ఆర్.లు తయారుచేస్తూ మిగిలిన చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. వర్షాకాలం వచ్చిందంటే టేపు అంచున తెల్లటి బూజు పడుతుంది. అలాంటిదాన్ని అలాగే యంత్రంలో పెడితే హెడ్ పాడై, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్టు కూడా చెడుతుంది. ఇంట్లో పెళ్లి క్యాసెట్లు ఉన్నవారు కూడా ఇది గమనించాలి. నిలువుగా పేర్చి, తేమ తగలని చోట ఉంచి, ఏడాదికొకసారి చివరిదాకా తిప్పి మళ్లీ వెనక్కు తిప్పడం మంచిది. యంత్రం పనిచేస్తున్నప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం ఇంకా మంచిది. నా వాటిలో పదకొండు ఎక్కించడం అయింది. ఇప్పుడు 'కామిల్' నడుస్తోంది. రెండు గంటల సినిమాకు రెండు గంటలూ పడుతుంది, తొందరపెట్టడానికి వీల్లేదు. పక్కన కూర్చుని చూస్తున్నాను.