నాట్యవిద్యకు బిడ్డ నిచ్చిన ఇండ్లు: మేలట్టూరు భాగవతమేళ చరిత్రలో తల్లిదండ్రుల పాత్ర

కళల చరిత్ర వ్రాయువారు గురువులను పేర్కొందురు, శిష్యులను పేర్కొందురు, ఆదరించిన ప్రభువులను పేర్కొందురు. ఆ శిష్యుని చిన్ననాడే విద్యకు అప్పగించిన తల్లిదండ్రులను గూర్చి వ్రాసినది మిక్కిలి తక్కువ. నాట్యము విషయమున ఈ లోపము మరింత పెద్దది. దేహము లేతగా ఉన్న ఎనిమిది, పదేండ్ల ప్రాయముననే నాట్యమునకు పునాది పడవలెను. ఆ వయసున నిర్ణయము బిడ్డది కాదు, తల్లిదండ్రులది. తంజావూరు మండలమున స్థిరపడిన తెలుగు కుటుంబములు ఈ బాధ్యతను ఎట్లు వహించినవి, అందలి లాభనష్టము లెట్టివి అను విషయమును ఐరోపాలోని బ్యాలే విద్యాలయముల చరిత్రతో పోల్చి పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

పీటర్స్‌బర్గు విద్యాలయము

పారిస్ ఓపెరా నృత్య పాఠశాల 1713లో ఏర్పడెను. రష్యాలో అన్నా మహారాణి కాలమున, 1738లో, లాందే అను ఫ్రెంచి గురువు సెయింట్ పీటర్స్‌బర్గు రాజప్రాసాదమున అట్టి పాఠశాలనే నెలకొల్పెను. పన్నిద్దరు బాలురు, పన్నిద్దరు బాలికలు అందు తొలి శిష్యులు. వారందరును ప్రాసాద సేవకుల బిడ్డలు. 19వ శతాబ్దినాటికి అది పేరెన్నికగన్న ఆవాస విద్యాలయమయ్యెను. పరీక్షలో నెగ్గి స్థిరముగా చేరిన బిడ్డకు భోజనము, వస్త్రములు, చదువు రాజ్యవ్యయముననే జరిగెడివి. విద్య ముగిసిన పిదప రాజనాటకశాలలో ఉద్యోగము, సేవాకాలము నిండిన పిదప పింఛను లభించెడివి.

అందుచేత ఆ ద్వారమున నిలిచిన తల్లిదండ్రుల నందరిని కళాభిమానమే నడిపించినదనుట సరికాదు. 1891లో పదేండ్ల ప్రాయమున అందు చేరిన అన్నా పావ్లోవా తల్లి బట్టలుతికి జీవించు పేదరాలు. నిజిన్‌స్కీ తల్లి ఎలెయనోరా స్వయముగా నర్తకి. భర్త విడిచిపోగా ముగ్గురు బిడ్డల భారము ఆమెపై పడెను. ఆమె కుమారుని 1898లోను, కుమార్తె బ్రోనిస్లావాను 1900లోను అదే విద్యాలయమున చేర్చెను. అట్టి తల్లులకు ఆ పాఠశాల నాట్యశాల మాత్రమే కాదు; బిడ్డ ఆకలి తీర్చు ఇల్లు, రేపటి జీవనోపాధి. తమారా కర్సావినా ఇంటి కథ వేరు. ఆమె తండ్రి రాజనాటకశాలలోనే నర్తకుడు. అందలి కుట్రల చేదు ఎరిగినవాడగుటచే కుమార్తెను ఆ వృత్తికి పంపుట కాతడు ఇష్టపడలేదు. తల్లి ఆయనకు తెలియకుండ తొలిపాఠములు చెప్పించెను. పిదప తండ్రియే ఆమెకు గురువయ్యెను.

ఈ పద్ధతిలో విద్య ఒకచోట, ఇల్లు మరొకచోట. బిడ్డ పెరుగుదలను చూచువారు ఉపాధ్యాయులు. తల్లిదండ్రులు సెలవుదినముల చూపుతో తృప్తిపడవలసినవారు. దేహము అనుకూలింపని బిడ్డ నడుమనే వెనుదిరిగి రావలెను. అట్లు వచ్చిన బిడ్డల పేళ్లు చరిత్రలో లేవు. వారిని తిరిగి నిలబెట్టిన భారము మరల ఇంటిదే.

ఊరే పాఠశాల

తంజావూరు మండలమున ఇందుకు భిన్నమైన పద్ధతి కానవచ్చును. 16వ శతాబ్ది ఉత్తరార్ధమున తంజావూరు నేలిన అచ్యుతప్ప నాయకుడు భాగవతులగు బ్రాహ్మణ కుటుంబములకు ఇండ్లు, భూములు దానమిచ్చెనని సంప్రదాయము. తెలుగుదేశమునుండి తరలివచ్చిన ఈ కుటుంబములు 510 అని ఆ సంప్రదాయమే లెక్క చెప్పును. ఆ దానగ్రామము ప్రభువు పేర అచ్యుతాబ్ధి యని పిలువబడెను. అదియే తంజావూరునకు సుమారు 18 కిలోమీటర్ల దూరముననున్న నేటి మేలట్టూరు. శాలియమంగళము, శూలమంగళము, ఊత్తుకాడు, నల్లూరు, తేపెరుమానల్లూరు గ్రామములందును భాగవతమేళ నాటకములు వెలసినవి. నాయకరాజుల పాలన 1673లో అంతరించినను తెలుగునకు ఆదరము తగ్గలేదు. మరాఠా ప్రభువులలో 1684 నుండి 1712 వరకు ఏలిన శాహజీ స్వయముగా తెలుగున యక్షగానములు రచించెను. త్యాగరాజస్వామి కాలమువాడగు మేలట్టూరు వేంకటరామశాస్త్రి ప్రహ్లాద చరిత్రము, ఉషాపరిణయము, రుక్మాంగద చరిత్రము, మార్కండేయ చరిత్రము, హరిశ్చంద్ర మున్నగు నాటకములను తెలుగున రచించి ఆ గ్రామమునకు శాశ్వతమైన ఆస్తిగా నిచ్చెను.

ఈ నాటకములకు ఆవాస విద్యాలయము లేదు. ఊరే విద్యాలయము, ఇల్లే ఆవాసము, తండ్రియో పినతండ్రియో గురువు. వైశాఖమున నృసింహ జయంతికి వరదరాజస్వామి కోవెల ముంగిట నాటకములు జరుగును. కోణంగి వచ్చి నవ్వించిపోయిన పిదప గణపతి ముఖము ధరించిన చిన్న బాలుడు రంగమునకు వచ్చును. పలువురు బాలురకు రంగస్థలముపై అదియే తొలి అడుగు. కొంత ఎదిగినవాడు ప్రహ్లాదుడగును. స్త్రీలు రంగమెక్కని సంప్రదాయమగుటచే పురుషులే లీలావతి, చంద్రమతి పాత్రలను ధరింతురు. వయసు ముదిరిన కొలది హిరణ్యకశిపుడు, హరిశ్చంద్రుడు వంటి పాత్రలు లభించును. ఈ విధముగా ఒకే మనుష్యుని జీవితమున బిడ్డ పాత్ర, తల్లి పాత్ర, తండ్రి పాత్ర వరుసగా వచ్చి చేరును.

బ్యాలే విద్యాలయమునకు, మేలట్టూరు వీధికి గల ముఖ్యభేదము ఇచ్చటనే ఉన్నది. అచ్చట అర్హత లేనివాడు వెలుపలికి పోవును. ఇచ్చట నాట్యము పట్టుబడనివాడు పాడును, తాళము వేయును, మృదంగము పట్టును, ఏదియు చేతగానివాడు ఉత్సవ కార్యములు చూచుకొనును. పదేండ్లు సాధన చేసిన బిడ్డ వ్యర్థుడైనాడని దుఃఖించు తండ్రి ఆ వీధిలో నుండడు. ఈ పద్ధతికి లోపమును కలదు. తండ్రి ఎరిగినంతయే కుమారునకు లభించును. ఆడపిల్లకు చోటు లేదు. ఊరు విడిచినచో విద్యయు విడిచిపోవును.

ప్రహ్లాద చరిత్రమునందలి కథ ఈ సందర్భమున తలపదగినది. హిరణ్యకశిపుడు కుమారుని గురువుల కప్పగించి, చదివిన చదువేమని అడుగును. తండ్రి కోరిన విద్య బిడ్డకు పట్టలేదు. బిడ్డ కోరిన విద్యను తండ్రి ఓర్వలేదు. భర్త ఆజ్ఞకు, బిడ్డపై మమకారమునకు నడుమ లీలావతి నలిగిపోవును. తరతరములుగా ఆ ఊరి తల్లిదండ్రులు తమ బిడ్డలనే ఆ వేషములలో నిలిపి, ఏటేట ఈ కథను చూచుచున్నారు. బిడ్డను తన కోరికకు సాధనముగా చేసికొనరాదను నీతిని వారికి వేరొకరు చెప్పవలసిన పనిలేదు.

చెన్నపట్టణమున క్రొత్త గురుకులములు

1855లో తంజావూరు సంస్థానము కుంఫిణీ ప్రభుత్వమున కలిసిపోవుటతో రాజాదరణ ముగిసెను. ఇంగ్లీషు చదువులు, పట్టణోద్యోగములు కుటుంబములను ఊరినుండి కదలించినవి. కొన్ని గ్రామములలో నాటకము చిరకాలము నిలిచిపోయెను. 20వ శతాబ్దిలో ఇ. కృష్ణయ్యర్ మేలట్టూరు కళ విలువను పండితలోకమునకు చాటెను. అదే కాలమున పాశ్చాత్య పద్ధతికి, దేశీయ గురుకులమునకు ఒక సంధి ఏర్పడెను. పావ్లోవా భారతదేశమునకు వచ్చినప్పుడు ఆమె నృత్యముచే ఆకర్షితురాలైన రుక్మిణీదేవి ఆమె బృందములోని క్లియో నోర్డీ యొద్ద బ్యాలే అభ్యసించెను. స్వదేశ నాట్యమును వెదకుమని పావ్లోవా ఇచ్చిన సలహా ఆమెను భరతనాట్యము వైపు త్రిప్పెను. 1936లో అడయారున ఏర్పడిన కళాక్షేత్రమున విద్యార్థులు నివసించి నేర్చుకొను ఏర్పాటు కలిగెను. వేంకటరామశాస్త్రి నాటకములు కొన్ని కళాక్షేత్ర రంగమునకును ఎక్కినవి.

1963లో వెంపటి చినసత్యం చెన్నపట్టణమున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించెను. పురుషులకే పరిమితమై యుండిన కూచిపూడి విద్య అప్పటికే బాలికలకు అందుచుండెను. తెలుగు జిల్లాలనుండి తల్లిదండ్రులు కుమార్తెలను ఆయన యొద్దకు పంపిరి. 1956లో అనకాపల్లిలో జన్మించి, 2020లో మరణించిన శోభానాయుడు అట్టి శిష్యురాలు. బంధువులు అడ్డుచెప్పినను తల్లి సరోజినీదేవి వెనుదీయలేదు. పీటర్స్‌బర్గున కర్సావినా తల్లి చేసిన పనియే ఇచ్చట తెలుగు తల్లి చేసెను. రెండుచోట్లను బిడ్డ విద్యకు ముందు నిలిచినది తల్లి ధైర్యము.

భాష ఇంటిదే

పై చరిత్రను బట్టి ఒక విషయము తేటపడుచున్నది. అడుగు, అభినయము, తాళము గురువు నేర్పగలడు. కాని ఆ అభినయమునకు ఆధారమైన భాషను, కథపై మమకారమును చిన్నతనముననే ఇచ్చునది ఇల్లు. బ్యాలే నృత్యమున మాట లేదు. కావున బిడ్డ ఏ భాష మాట్లాడు ఇంటనుండి వచ్చినను ఆ విద్యకు కొరత రాదు. భాగవతమేళ అట్టిది కాదు. నటుడే దరువు పాడి, పద్యము చదివి, సంభాషణ పలుకవలెను. నేడు మేలట్టూరు నటులలో పలువురు దూరపట్టణములందు ఉద్యోగములు చేయుచు, ఉత్సవమునకు సెలవు పెట్టి ఊరు చేరుచున్నారు. వారి ఇండ్లలో చాలచోట్ల మాట్లాడునది తమిళము. తెలుగు సంభాషణలను తమిళలిపిలో వ్రాసికొని వల్లించుట అలవాటైనది. భక్తి కొరత లేదు, శ్రమ కొరత లేదు. అర్థమెరిగి పలుకు మాటకు, వల్లించి పలుకు మాటకు గల భేదము మాత్రము ముఖమున తెలియక మానదు.

ఈ కారణముచే తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఒక కర్తవ్యము మిగిలియున్నది. బిడ్డను గురువుకడకు పంపుటతో తల్లిదండ్రుల పని ముగియదు. ఆ బిడ్డ అలసటను కనిపెట్టవలెను. ఇష్టము లేనిచో వెనుకకు వచ్చుటకు తలుపు తెరచియుంచవలెను. రంగముపై పలుకు తెలుగును ఇంట వినిపించి, అక్షరములు దిద్దించవలెను. రాజదానము లేకున్నను, ప్రభువులు మారినను ఇన్ని తరములు ఆ నాటకములను కాపాడినవి ఆ ఇండ్లే. వచ్చు వైశాఖమున ప్రహ్లాదుని వేషము కట్టు బాలునికి, తాను పలుకు పద్యమునకు అర్థము తన తల్లి చెప్పగా తెలియవలెను. అది జరిగిన ఇంట ఈ విద్యకు మరియొక తరము ఆయుర్దాయము కలదు.