ఒకే కంచం నాటి కామ్రేడ్లు

1955 ఎన్నికల లెక్క తేలేసరికి 196 స్థానాల ఆంధ్ర రాష్ట్ర శాసనసభలో కమ్యూనిస్టులకు మిగిలినవి 15. మూడేళ్ల కిందట, ఇంకా మద్రాసు ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడు, ఇదే తెలుగు జిల్లాల్లో 41 మందిని గెలిపించుకుని కాంగ్రెస్ కంటే ఒక సీటు ముందున్న పార్టీ అది. ఈసారి ప్రభుత్వం తమదేనన్న ధీమాతో ఊరూరా తిరిగిన కార్యకర్తలు తలవంచుకుని ఇళ్లకు చేరారు. విచిత్రమేమంటే వాళ్లకు పడిన ఓట్లు తగ్గలేదు, పెరిగాయి. నూటికి 31 మంది వాళ్ల పక్షానే నిలిచారు. కానీ కాంగ్రెస్, రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఒక్కటై ఉమ్మడి అభ్యర్థులను నిలబెట్టడంతో, అంతకుముందు చీలిన ఓటు ఒకే పెట్టెలో పడింది.

తెలుగునేల మీద కమ్యూనిస్టుల పతనం ఆనాడే మొదలైందని రాస్తుంటారు. నేను ఒప్పుకోలేను. ఎన్నికల ఓటమిని తట్టుకునే బలం ఆ పార్టీకి ఉండేది. ఆ బలం సీట్లలో లేదు, ఆ మనుషులు కలిసి బతికిన తీరులో ఉంది. అది పోయింది తర్వాత, ఇంకో దారిన.

ఆ బతుకు ఎలాంటిదో ఇవాళ్టివాళ్లకు చెప్పడం కష్టం. పూర్తికాలం కార్యకర్త అంటే జీతం లేని ఉద్యోగి. పార్టీ ఇచ్చే భృతి అరకొర, అదీ అందితే అందినట్టు. పొద్దున్నే బస్సు దగ్గరో రైలు దగ్గరో పత్రిక కట్ట దించుకోవాలి. ‘ప్రజాశక్తి’ని 1948లో సర్కారు మూయించాక, 1952 జూన్ 22న బెజవాడలో ‘విశాలాంధ్ర’ పుట్టింది. ఆ కట్టను సైకిలుకు కట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లు. చదువు రానివాళ్లకు అరుగు మీద కూర్చుని పైకి చదివి వినిపించేవాళ్లు. మధ్యాహ్నం కౌలు తగాదా, సాయంత్రం కూలిరేటు మీద మాట, రాత్రి లాంతరు చుట్టూ సెల్ మీటింగ్. అది అయ్యేసరికి ఏ ఇంట్లో అన్నం మిగిలి ఉంటే ఆ ఇంట్లో ఇంత తినడం, ఆ వసారాలోనే పడుకోవడం. పల్లెలో అయితే పల్లెలో, గూడెంలో అయితే గూడెంలో. మోతుబరి రైతు ఇంట పుట్టిన కుర్రాడు మాలపల్లెలో కూర్చుని గంజి తాగడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. సొంత ఇంట్లో గడప తొక్కనివ్వని తల్లులున్నారు. పేరు చివరి కులాన్ని తీసేసుకున్నవాళ్లకు నాయకుడే ఆదర్శం. అలగానిపాడులో సుందరరామిరెడ్డిగా పుట్టినాయన పుచ్చలపల్లి సుందరయ్యగానే బతికాడు, వాటాకొచ్చిన ఆస్తి పార్టీకిచ్చాడు, పిల్లలు వద్దనుకున్నాడు, పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లాడు.

పిలుపుల్లో కూడా ఒక కొత్త చుట్టరికం ఉండేది. నాయకుల్లో సుందరయ్య పి.ఎస్., రాజేశ్వరరావు సి.ఆర్., బసవపున్నయ్య ఎం.బి., నాగిరెడ్డి టి.ఎన్. పొడి అక్షరాలైనా పలికే గొంతులో బాబాయి, పెదనాన్న అన్నంత చనువు వినిపించేది. దండలు మార్చుకుని పెళ్లిళ్లు చేసుకున్నారు. పిల్లలకు లెనిన్, స్టాలిన్ అని పేర్లు పెట్టుకున్నారు. ఒకరు జైలుకు వెళితే ఆ ఇంటి నాట్లు ఇంకొకరు చూసుకునేవారు. ఇదంతా సిద్ధాంతం చదివి నేర్చుకున్నది కాదు. కలిసి తిరిగి, కలిసి పస్తులుండి అలవడింది.

1948 నుంచి మూడు నాలుగేళ్ల నిర్బంధంలో ఆ చుట్టరికానికి పరీక్ష వచ్చింది. కృష్ణా జిల్లాలో మలబార్ స్పెషల్ పోలీసులు దిగారు. కాటూరు, ఎలమర్రు గ్రామాల్లో మగవాళ్లను బట్టలూడదీసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. కార్యకర్తల్ని పట్టుకుని కాల్చి చంపి ఎదురుకాల్పులని రాసుకున్నారు. అజ్ఞాతవాసంలో ఉన్నవాళ్ల కోసం పట్నాల్లో అద్దెకు తీసుకున్న ఇళ్లను ‘డెన్’ అనేవారు. బయటికి అదొక మామూలు సంసారం. లోపల రహస్య పత్రాలు, మారుపేర్లు, రాత్రిపూట వచ్చిపోయే కొరియర్లు. ఆ సంసారాన్ని నిజమని నమ్మించే బరువంతా ఆడవాళ్ల మీద పడింది. ఇరుగుపొరుగు అడిగే ప్రశ్నలకు తడుముకోకుండా అబద్ధం చెప్పాలి, ఎంతమంది వచ్చినా వండాలి, తలుపు చప్పుడైతే ముందు తామే లేవాలి. పార్టీ చరిత్రల్లో వీళ్లకు దొరికిన చోటు చాలా తక్కువ.

కొండపల్లి కోటేశ్వరమ్మ జీవితం తలచుకుంటే ఈ కథంతా ఒక్క మనిషిలో కనిపిస్తుంది. 1918లో పామర్రులో పుట్టింది. చిన్నతనంలోనే వితంతువై, తర్వాత కొండపల్లి సీతారామయ్యను పెళ్లాడి, పార్టీలోకి వచ్చింది. నగలు పార్టీకిచ్చింది, పాటలు పాడింది, డెన్‌లలో బతికింది. నిర్బంధం సడలిన తర్వాత భర్త వదిలేస్తే, పిల్లల్ని పెట్టుకుని ముప్పై ఏళ్లు దాటాక మళ్లీ చదువుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా బతుకు నెట్టుకొచ్చింది. తొంభై ఏళ్లు దాటాక ‘నిర్జన వారధి’ పేరుతో ఆత్మకథ రాసింది. ఆమెను నిలబెట్టింది పార్టీలో మిగిలిన స్నేహాలే. ఆ స్నేహాలు కూడా రెండుగా చీలడం ఆమె కళ్లారా చూసింది.

ఆటపాటల సంగతి చెప్పకపోతే ఈ బతుకులో సంతోషం లేదనుకుంటారు. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి ఊళ్లను ఊపేసింది. పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథ చెబుతుంటే తెల్లవార్లూ జనం కదిలేవారు కాదు. మోటూరి ఉదయం దళం ఆడవాళ్ల బుర్రకథను వేదిక ఎక్కించింది. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది. నిర్బంధం ముంచుకొచ్చాక దళాలు చెదిరిపోయి, కళాకారులు మద్రాసు సినిమా వీధుల్లో తేలారు. మండలిని నడిపిన డాక్టర్ గరికపాటి రాజారావు తీసిన ‘పుట్టిల్లు’ 1953లో వచ్చింది. జమునను తెరకు తెచ్చిన ఆ చిత్రం ఆయనకు డబ్బు మాత్రం తేలేదు. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య వెండితెర మీద స్థిరపడ్డారు. సినిమాకు లాభమే, పల్లెకు నష్టం. 1955 నాటికి కార్యకర్త మాట ఉంది కానీ దాని వెనుక పాట పలచబడింది.

ఆ ఎన్నికల్లో ఎదుటిపక్షం బలగం చిన్నది కాదు. బొంబాయి నుంచి కాంగ్రెస్ నాయకుడు ఎస్.కె. పాటిల్ వచ్చి కూర్చున్నాడు. ‘ఆంధ్రప్రభ’లో నార్ల వెంకటేశ్వరరావు సంపాదకీయాలు రోజూ నిప్పులు చెరిగాయి. కమ్యూనిస్టులొస్తే పొలం పోతుంది, పాడి పోతుంది, గుడి పోతుందన్న మాట గడపగడపకూ చేరింది. సరిగ్గా అప్పుడే, జనవరిలో, మాస్కో ‘ప్రావ్దా’ నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ రాసింది. కాంగ్రెస్ వాళ్లు దాన్ని అచ్చేసి పంచారు. నెహ్రూకు వ్యతిరేకంగా గోడలు రాసి చేతులకు ఎరుపు అంటించుకున్న కుర్రాళ్ల చేతికే ఆ కరపత్రం వచ్చింది. తాము తలెత్తి చూసే దేశం తమ శత్రువును పొగిడితే ఏం చెప్పాలో పైనుంచి ఎవరూ వాళ్లకు చెప్పలేదు. నా దృష్టిలో ఆ ఓటమిలో అన్నిటికన్నా బాధాకరమైన ఘట్టం అదే.

అయినా మర్నాడు పత్రిక కట్ట దించుకోవడానికి వాళ్లు వెళ్లారు. గన్నవరంలో గెలిచిన సుందరయ్య శాసనసభలో ప్రతిపక్షాన్ని నడిపాడు. ఆంధ్ర, తెలంగాణ ఒకే రాష్ట్రమయ్యాక, ఇటు ఆంధ్ర, అటు తెలంగాణ పోరాటం చూసినవాళ్లు కలిసి 1962లో 300 స్థానాల సభలో 51 గెలిచారు. దెబ్బతిన్న పార్టీ ఏడేళ్లలో మళ్లీ ప్రధాన ప్రతిపక్షమై లేచిందంటే, ఆ అరుగుల మీద చదువు, ఆ వసారాల్లో నిద్ర ఇంకా బతికే ఉన్నాయన్నమాట.

ఆ ఏడాది చివర్లోనే చైనా యుద్ధం వచ్చింది. అరెస్టులు జరిగాయి. జైల్లో ఒకే గదిలో ఉన్నవాళ్ల మధ్య మాటలు తగ్గాయి. సోవియట్, చైనా పార్టీల తగవు తెలుగు ఊళ్ల సెల్ మీటింగుల్లోకి వచ్చి కూర్చుంది. పార్టీ ఛైర్మన్ డాంగే ఒకప్పుడు జైలు నుంచి బ్రిటిష్ సర్కారుకు రాశాడన్న లేఖల వ్యవహారం 1964 మార్చిలో బయటపడింది. ఏప్రిల్ 11న ఢిల్లీలో జాతీయ సమితి నుంచి 32 మంది లేచి బయటికి నడిచారు. వాళ్లలో సుందరయ్య, బసవపున్నయ్య, నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు సహా ఏడుగురు మనవాళ్లే. రాజేశ్వరరావు, రావి నారాయణరెడ్డి పాత పార్టీలోనే ఉండిపోయారు. జూలైలో తెనాలిలో సదస్సు పెట్టారు. కొత్త పార్టీ ఖాయమైంది.

ఢిల్లీలో అది సిద్ధాంత విభేదం. ఊళ్లో అది పంపకం. ఆఫీసు గది ఎవరిది, జెండా దిమ్మె ఎవరిది, రైతు సంఘం రసీదు పుస్తకాలు ఎవరివి? ‘విశాలాంధ్ర’ పాత పార్టీతో ఉండిపోయింది. పన్నెండేళ్లు దాన్ని సైకిలు మీద మోసిన మనిషి ఇప్పుడు దాన్ని చదవకూడదు. డెన్‌లో తనకు అన్నం పెట్టిన చెల్లెమ్మ భర్త అవతలి పార్టీ. అన్నదమ్ములు చెరో పక్షాన నిలిచిన ఇళ్లలో పెళ్లి పిలుపులు ఆగిపోయాయి. రివిజనిస్టు అని ఒకరు, ఒంటెత్తు పిడివాది అని ఇంకొకరు. పోలీసులు కూడా అనని మాటలు కామ్రేడ్లే కామ్రేడ్లను అన్నారు. సిద్ధాంతం తేల్చుకోవాల్సిందేనని నేనూ నమ్ముతాను. కానీ కలిసి కూర్చుని తేల్చుకోగల సత్తా ఆ మనుషులకు ఉండేదని, దాన్ని వాడుకోలేదని కూడా అంతే గట్టిగా నమ్ముతాను.

1967లో రెండు పార్టీలూ విడివిడిగా పోటీచేస్తే పాత పార్టీకి 11, కొత్త పార్టీకి 9 వచ్చాయి. మరుసటి ఏడే కొత్త పార్టీలో మరో చీలిక. 1952లో అనంతపురంలో సొంత బావ నీలం సంజీవరెడ్డిని ఓడించిన నాగిరెడ్డి, 1969లో శాసనసభ్యత్వం వదిలేసి వెళ్లిపోయాడు. 1976 జూలై 28న అజ్ఞాతవాసంలోనే కన్నుమూశాడు. కొండపల్లి సీతారామయ్య 1980లో పీపుల్స్ వార్ పెట్టాడు. సుందరయ్య 1985 మే 19న పోయాడు. విడిపోయాక అనుకున్నది ఎవరూ సాధించలేదు. 2014, 2019, 2024 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఏ కమ్యూనిస్టు పార్టీ నుంచీ ఒక్కరు కూడా రాలేదు.

చీలికల చరిత్రలు రెండు పార్టీలూ రాసుకున్నాయి. ఎవరు ఎటు వెళ్లారో వాటిలో ఉంది. ఎటూ వెళ్లనివాళ్ల లెక్క లేదు. 1964 తర్వాత సభ్యత్వం తిరిగి రాయించుకోకుండా, ఇరువైపులా వచ్చిన పాత స్నేహితులకు మంచినీళ్లిచ్చి పంపించి, మళ్లీ పొలానికో బడిపంతులు పనికో వెళ్లిపోయిన మనుషులు కృష్ణా, గుంటూరు, నల్గొండ ఊళ్లలో ఉండేవారు. వాళ్లు పార్టీని తిట్టలేదు, పొగడలేదు. అడిగితే కామ్రేడ్ ఫలానా అని రెండు వైపులవాళ్లనూ అదే పాత పిలుపుతో పిలిచేవారు.