కారు కింద గొట్టం కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర రాసేటంత చదువు నాకు లేదు. 1974లో రవాణా శాఖలో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. అందుచేత నాకు తెలిసిన సైలెన్సరు చరిత్రే రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్లు ఫైళ్లలో చదివినా, దాని అర్థం నాకు రిటైరయ్యాక, అదీ నా భార్య ద్వారా, తెలిసింది.

మోటారు బండ్లు పుట్టిన కొత్తలో వాటి మోతే పెద్ద బాధ. సిలిండరులో పెట్రోలు మండిన ప్రతిసారీ వేడి వాయువు పెద్ద చప్పుడుతో బయటపడేది. 1897లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రీవ్స్ సోదరులు ఆ మోతను అణిచే సాధనానికి పేటెంటు పొందారు. వాయువును ఇరుకు గొట్టంలోంచి వెడల్పయిన గదిలోకి వదిలి, దాని ఉధృతి తగ్గించి బయటికి పంపడమే సైలెన్సరు చేసే పని.

మోత తగ్గింది గాని విషం తగ్గలేదు. 1921లో పెట్రోలులో సీసం కలిపితే ఇంజను తడబడకుండా నడుస్తుందని అమెరికాలో కనిపెట్టారు. ఆ సీసం పొగలో కలిసి యాభై ఏళ్లకు పైగా ఊళ్లమీద పడింది. పసిపిల్లల మెదడుకు అది చేసే హాని తరువాత తెలిసింది. 1975 మోడల్ కార్ల నుంచి అమెరికాలో కేటలిటిక్ కన్వర్టరు బిగించసాగారు. చూడటానికి సైలెన్సరు వంటి డబ్బాయే. లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ, దానిమీద ప్లాటినం, పల్లాడియం వంటి ఖరీదైన లోహాల పూత ఉంటాయి. విషవాయువైన కార్బన్ మోనాక్సైడును అది బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. అయితే పెట్రోలులో సీసం ఉంటే ఆ పూత పాడైపోతుంది. కనుక సీసం లేని పెట్రోలు కూడా తేవలసి వచ్చింది.

మన దేశంలో ఢిల్లీ వాహనాల పొగపై న్యాయవాది ఎం.సి. మెహతాగారు 1985లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. 1995 ఏప్రిల్ 1 నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు తప్పనిసరి అయింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మకానికి వచ్చింది. ఈలోగా 1988 మోటారు వాహనాల చట్టం, 1989 కేంద్ర నిబంధనలు 1989 జూలై 1 నుంచి అమలయ్యాయి. పొగగొట్టం కిందికి గాని, ఎడమవైపుకు గాని వాయువు వదలరాదని 112వ నిబంధన. ప్రతి వాహనానికీ సైలెన్సరు ఉండాలని 120వ నిబంధన. ఈ అంకెలు నాకు కంఠతా వచ్చు. ఎడమవైపు ఎందుకు వదలకూడదని మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. మన రోడ్లపై మనుషులు నడిచేది, బస్సు కోసం నిలబడేది ఆ వైపే గదా!

రిటైరయిన ఏడాది, వచ్చిన గ్రాట్యుటీలో కొంత పెట్టి 2001 మోడల్ మారుతి 800 సెకండ్‌హ్యాండులో కొన్నాను. 1983 డిసెంబరులో మొదటి బండి బయటికి వచ్చింది మొదలు 2014 జనవరిలో తయారీ ఆగేవరకు మధ్యతరగతి ఇళ్లకు కారంటే అదే. 2019 వర్షాకాలంలో దాని సైలెన్సరు తుప్పుపట్టి చిల్లుపడింది. కారణం నా వాడకమే. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దూరప్రయాణంలో గొట్టం బాగా కాగి ఆ ఆవిరి వెళ్లిపోతుంది. ఇంటి నుంచి రైతుబజారుకు, అక్కడి నుంచి గుడికి తిరిగే మన బండ్లలో అది లోపలే నీరై నిలిచి ఇనుమును తినేస్తుంది.

కంపెనీ సామాను ధరలో మూడోవంతుకే బయటి సైలెన్సరు వేస్తానన్నాడు ఒక మెకానిక్కు. "ఈ డబ్బా కూడా తీసేద్దాం బాబాయిగారూ, బండి బాగా లాగుతుంది" అని కన్వర్టరు ఊడదీసి మామూలు గొట్టం అతికాడు. పాత డబ్బా తనే ఉంచుకున్నాడు. అందులో ప్లాటినం ఉందని తెలిసీ నేను నోరు మెదపలేదు. రెండు వేలు మిగిలాయన్న సంతోషం నాది.

అప్పటి నుంచి గుంటూరులో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడల్లా మా ఇంటావిడకు తలనొప్పి, వికారం. వయసు వల్ల అన్నాను. బి.పి. మాత్ర వేసుకోమన్నాను. మూడోసారి ఆమే అన్నది: "ఏమండీ, బస్సులో వెళితే రాని తలనొప్పి మన కారులోనే ఎందుకొస్తోంది?" అయినా నేను ఒప్పుకోలేదు. "పొల్యూషన్ సర్టిఫికెట్టు ఉంది, ఇంకా గడువు తీరలేదు" అన్నాను. ఆ సర్టిఫికెట్టు పాత సైలెన్సరుకు ఇచ్చినది! కాగితం సక్రమంగా ఉంటే బండీ సక్రమంగా ఉన్నట్టే అనుకోవడం నా ఉద్యోగం నేర్పిన అలవాటు.

చివరకు ఆటోనగర్‌లో ఒక పెద్దమేస్త్రీకి చూపించాను. కొత్త గొట్టం బంపరు దాటి బయటికి రాలేదు. అతుకు దగ్గర గాస్కెట్టు లేదు. వెనుక డోరు రబ్బరు అరిగిపోయింది. కారు పరుగెడుతుంటే వెనుక ఏర్పడే గాలి సుడి ఆ వాయువును లోపలికి లాగుతోంది. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు చోటును అది రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. అద్దాలు దించుకుని తిరిగే అలవాటు ఉండబట్టి గండం గడిచింది. ఏ.సి. వేసుకుని పొయ్యేవాళ్లమైతే ఏమయ్యేదో రాయడానికి చేయి రావడం లేదు.

కన్వర్టరుతో సహా మొత్తం మళ్లీ వేయించాను. మిగిలాయనుకున్న రెండు వేలకు ఎన్నో రెట్లు ఖర్చయింది. తలనొప్పి మళ్లీ రాలేదు.

బయటి సామాను వేయించడం తప్పని నేననను. వేయించేటప్పుడు మాత్రం నాలుగు సంగతులు చూడండి. కన్వర్టరు తీయనివ్వకండి. ప్రతి అతుకుకూ కొత్త గాస్కెట్టు వేయించండి. గొట్టం చివర బంపరు దాటి బయటికి ఉండాలి. వేలాడదీసే రబ్బర్లు కొత్తవి కావాలి. బిగించాక ఆరుబయట ఇంజను నడిపించి, మేస్త్రీచేత తడిగుడ్డతో గొట్టం మూతిని రెండు క్షణాలు మూయించండి. అతుకుల దగ్గర బుస్సుమంటే గాలి పోతున్నట్టే. మోత, పొగ నిబంధనలు మీరితే 2019 సవరణ తరువాత జరిమానా పదివేల వరకు ఉంది గాని, అది చిన్న నష్టం.

112వ నిబంధనను నేను ఎన్నిసార్లు టైపు చేశానో లెక్కలేదు. దాని భావం నాకు చెప్పింది మాత్రం ఎనిమిదో తరగతి చదివిన మా ఇంటావిడే. కారులో మీవారెవరైనా తలనొప్పి అంటే, దయచేసి సర్టిఫికెట్టు చూపించకండి. బండి ఆపి, కిందికి వంగి చూడండి.