ఇనుములోని రవ్వ

విఱిగిన కఱ్ఱు అంచును పరికించితిరా? అందు చక్కెరవలె మెఱయు ముతక రవ్వ కనబడినచో అది కొలిమిలో అతిగా కాలినదని కమ్మరి చెప్పును. రవ్వ సన్నమైనచో మెచ్చుకొనును. తరతరముల ఈ చూపును చదువరులు చాలకాలము విద్యగా నెంచలేదు.

1863లో ఇంగ్లండునందలి షెఫీల్డు పట్టణమున హెన్రీ సార్బీ ఉక్కుతునకను నున్నగా మెఱుగుపెట్టి, ఆమ్లముతో తడిపి, సూక్ష్మదర్శినిలో చూచెను. లోహము ఏకశిల కాదు. గట్లు గల మడులవలె రవ్వల కూర్పు! లోహము వంగునప్పుడు ప్రతి రవ్వలోను పొరపై పొర జాఱును. గట్టు దాటగానే పొరల వాలు మాఱును గనుక జాఱుడు అచ్చట అడ్డుపడును. రవ్వ చిన్నదైనకొలది గట్లు హెచ్చును.

1951లో హాల్, 1953లో పెచ్ అను శాస్త్రజ్ఞులు దీనికి లెక్క కట్టిరి. రవ్వ అడ్డుకొలత నాలుగవ వంతైనచో దానివలన గలుగు బలము రెట్టింపగును. మొత్తము బలము కాదు సుమా! ఉక్కులో బొగ్గుపాలు పెంచినచో గట్టిపడును గాని పెళుసగును. రవ్వ సన్నమైనచో గట్టిదనమును, విఱుగనితనమును కలసివచ్చును. నాకిదియే మిక్కిలి వింత.

ఎఱ్ఱగా కాగుచు తిరుగు విమానయంత్రపు చక్రములందు మాత్రము గట్లే బలహీనస్థానములు. అందుచే వాని రేకులను కొన్నిటిని నేడు గట్టులేని ఒకే రవ్వగా పోతపోయుచున్నారు.