న్యూ లానార్క్ నూలు మిల్లు: యజమాని, కార్మికులు, నమ్మకం

స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరానికి ఆగ్నేయంగా, క్లైడ్ నది జలపాతాలుగా దిగే లోయలో 1786లో నూలు వడకడం మొదలుపెట్టిన న్యూ లానార్క్ మిల్లుల చరిత్రను సాధారణంగా దయాళువైన ఒక యజమాని కథగా చెబుతుంటారు. ఆ యజమాని రాబర్ట్ ఓవెన్ (1771–1858). అతని దయను శంకించవలసిన పని లేదు గాని, కార్మికులకు అతని మీద గురి కుదరడానికి ఏళ్లు పట్టిందనీ, అది కుదిరింది కష్టకాలంలోనేననీ గమనించకపోతే ఆ చరిత్రలోని సారం చేజారిపోతుంది.

వేల్స్‌లో పుట్టి, ఇరవై ఏళ్ల వయసుకే మాంచెస్టర్‌లో సుమారు 500 మంది పనిచేసే మిల్లును నడిపిన ఓవెన్, న్యూ లానార్క్ మిల్లుల స్థాపకుడైన డేవిడ్ డేల్ కుమార్తెను పెళ్లాడి, భాగస్వాములతో కలిసి ఆ మిల్లులను కొని, 1800 జనవరి 1న నిర్వహణ చేపట్టాడు. అప్పటి కార్మికుల్లో దాదాపు 500 మంది ‘పారిష్ పిల్లలు’, అంటే చర్చి పరిధిలోని స్థానిక పాలనా విభాగాలు తమ పోషణలో ఉన్న అనాథలను, నిరుపేదల బిడ్డలను వసతికీ తిండికీ బదులుగా మిల్లులకు పనికి అప్పగించినవారు. డేల్ వారికి మంచి తిండి పెట్టి, సాయంత్రాలు చదువు చెప్పించిన మాట నిజమే అయినా, రోజంతా మిల్లులో నిలబడిన పసివాళ్లకు ఆ వేళ చదువు ఎక్కేది కాదు. పెద్దవాళ్లలో తాగుడూ దొంగతనాలూ ఎక్కువ. స్కాట్లండ్ ఉత్తరాది కొండసీమల నుంచి వలస వచ్చిన కుటుంబాలకు ఇంగ్లండ్ నుంచి దిగిన కొత్త యజమాని పరాయివాడు. అతను తెచ్చే ప్రతి మార్పూ తమతో మరింత చాకిరీ చేయించుకోవడానికేనని వారు అనుమానించారు.

ఆ అనుమానాల మధ్యనే ఓవెన్ ‘నిశ్శబ్ద పర్యవేక్షకుడు’ అనే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఇది నాలుగు ముఖాలున్న చిన్న చెక్క ముక్క. ఒక్కో ముఖానికి నలుపు, నీలం, పసుపు, తెలుపు రంగుల్లో ఒకటి పూసి, ప్రతి కార్మికుని దగ్గరా ఒకదాన్ని వేలాడదీసేవారు. ముందు రోజు నడవడి చెడ్డదైతే నలుపు, అంతంత మాత్రమైతే నీలం, మంచిదైతే పసుపు, అత్యుత్తమమైతే తెలుపు బయటికి కనబడేది; ఆ వివరాలు ఏ రోజుకారోజు ‘ప్రవర్తన పుస్తకం’లో అంకెలుగా నమోదయ్యేవి. తిట్లూ దెబ్బలూ మామూలైన ఆ కాలపు మిల్లుల్లో, నోరు మెదపకుండా తప్పును తెలియజేసే ఈ ఏర్పాటు ఒక సంస్కరణే. అంతకన్నా ముఖ్యమైనది, పై అధికారి నిర్ణయం అన్యాయమని తోచిన కార్మికుడు అది పుస్తకంలోకి ఎక్కకముందే ఓవెన్ దగ్గర మొర పెట్టుకోగల హక్కు. అయినా పదిమంది కంటా పడేలా రోజంతా వేలాడే నల్లరంగు మనిషికి కలిగించే సిగ్గు తక్కువది కాదు. క్రమంగా నలుపు తగ్గి పసుపు, తెలుపు పెరిగాయని ఓవెన్ స్వయంగా రాసుకున్నదాన్ని యజమాని వాంగ్మూలంగానే చదవాలి.

అసలు మలుపు ఈ చెక్క ముక్కల వల్ల రాలేదు. బ్రిటన్, ఫ్రాన్సుల యుద్ధకాలంలో అమెరికా తన ఎగుమతులను నిలిపివేస్తూ 1807 చివర నిషేధం విధించడంతో పత్తి ధర అమాంతం పెరిగి, అనేక మిల్లులు మూతపడి, కార్మికులు కూలి లేక రోడ్డున పడ్డారు. ఓవెన్ కూడా మిల్లులను సుమారు నాలుగు నెలలు ఆపేశాడు గాని, ఒక్కరినీ తీసివేయకుండా, యంత్రాలను శుభ్రంగా ఉంచే పని మాత్రం అప్పగించి, అందరికీ పూర్తి కూలి చెల్లించాడు. దానికైన ఖర్చు 7,000 పౌండ్లకు పైనే. ఇతని మాట వేరు, లోపలి ఉద్దేశం వేరు అని అంతవరకూ శంకించిన జనానికి, నష్టాన్ని తమ మీదికి నెట్టకుండా తానే భరించిన ఆ నాలుగు నెలలు సాక్ష్యంగా నిలిచాయి. ఆ తర్వాతి సంస్కరణలకు మునుపటంత ప్రతిఘటన ఎదురుకాలేదని ఓవెన్ ఆత్మకథ చెబుతుంది.

ఓవెన్ నిర్వహణలో వచ్చిన సంస్కరణలు చాలానే ఉన్నాయి. పదేళ్లు నిండని పిల్లలను పనిలోకి తీసుకోవడం మానేశారు. సరుకులు టోకున కొని తక్కువ ధరకు అమ్మే కొట్టు వెలిసింది, దాని లాభం బడికి చేరింది. కూలిలో అరవయ్యో వంతుతో వైద్య నిధి ఏర్పడింది. 1816 నాటికి విరామాలు పోను పని రోజుకు 10 గంటల 45 నిమిషాలకు తగ్గింది, ఆ ఏడాది జనవరి 1న ప్రారంభమైన విద్యాలయంలో పసిపిల్లలు పంతులు దెబ్బల భయం లేకుండా ఆటపాటలతో చదువుకున్నారు. ఇంత జరిగినా కూలి రేట్లు మాత్రం ఇతర మిల్లులకన్నా మిన్నగా లేవన్నది మరువరానిది.

సంస్కరణల కోసం అంతకుముందు నుంచీ అవుతున్న ఖర్చును పాత భాగస్వాములు సహించలేదు. 1813లో మిల్లులు వేలానికి వచ్చినప్పుడు, తత్త్వవేత్త జెరిమీ బెంథామ్, క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన విలియం అలెన్ మొదలైన కొత్త భాగస్వాములతో కలిసి ఓవెన్ వాటిని 1,14,100 పౌండ్లకు దక్కించుకున్నాడు. పెట్టుబడికి ఏటా 5 శాతం పోను మిగిలిన లాభం ఊరి మేలుకే ఖర్చు చేయాలన్నది వారి ఒడంబడిక. వేలం గెలిచి తిరిగివచ్చిన ఓవెన్‌కు కార్మికులు ఊరంతా దీపాలు వెలిగించి స్వాగతం పలికారు. బాలకార్మికుల రక్షణ కోసం అతను సాగించిన ప్రచారం 1819 నాటి నూలు మిల్లుల చట్టానికి దారితీసినా, తొమ్మిదేళ్లు నిండనివారిని మాత్రమే మిల్లులకు దూరం చేసిన ఆ చట్టానికి తనిఖీ యంత్రాంగమే లేకపోయింది.

కార్మికుల బాగు కోరిన ఈ యజమాని మిల్లు నడిపే అధికారంలో వారికి చోటు కల్పించలేదు. వారి బాగు ఏమిటో నిర్ణయించేది అతనే. యజమానులలో అభిప్రాయభేదం వచ్చినప్పుడు ఈ లోపం బయటపడింది. పిల్లలకు నాట్యం, సంగీతం నేర్పడాన్నీ మతబోధ కొరవడడాన్నీ అలెన్ తీవ్రంగా వ్యతిరేకించగా, 1824లో భాగస్వాములు కుదుర్చుకున్న ఒప్పందంతో కంపెనీ ఖర్చుతో సాగే నాట్యశిక్షణ ఆగిపోయి, బైబిల్ పఠనం బడిలోకి వచ్చింది. మరుసటి ఏడాదికల్లా ఓవెన్ అమెరికాలోని ఇండియానాలో న్యూ హార్మొనీ అనే సమష్టి గ్రామాన్ని కొని, న్యూ లానార్క్ నిర్వహణను వదులుకున్నాడు. కొత్త యాజమాన్యాల కింద ఆ మిల్లుల్లో పని 1968 వరకూ కొనసాగింది.