పత్తర్‌గట్టి: వాణిజ్య వీథి ముఖభాగంలో ఏకరూపత
వాణిజ్య భవనాల ముఖభాగాలకు ఏకరూపత రెండు విధాల సిద్ధిస్తుంది: యజమానులందరికీ నిబంధన విధించడం ద్వారా, లేదా వీథినంతటినీ ఒకే సంస్థ నిర్మించడం ద్వారా. హైదరాబాదులోని పత్తర్‌గట్టి రెండవ కోవకు చెందినది. 1908 నాటి మూసీ వరద అనంతరం, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చార్మినారుకు ఉత్తరాన రహదారిని విస్తరించి, గ్రానైటు రాతి ముఖభాగంతో, వరుస కమానులతో దుకాణాల సముదాయాన్ని నిర్మించింది. ముఖభాగపు రాయి, కమాను తీరు నిర్మాణంలోనే స్థిరపడినందున అక్కడ వర్తకుల అభిరుచితో నిమిత్తం లేకపోయింది. అయితే నిర్మాణం సాధించిన ఏకరూపతను నిర్మాణమొక్కటే కాపాడలేకపోయింది. కాలక్రమంలో నామఫలకాలు కమానులను కప్పివేశాయి. దుకాణం వర్తకునిదైనా దాని ముఖభాగం వీథిదన్న సూత్రం నిలవాలంటే నిరంతర పర్యవేక్షణ అనివార్యమని పత్తర్‌గట్టి చరిత్ర సూచిస్తున్నది.